బ్రాడ్‌వే మీద ఒక పాత గుడి

2014 వేసవిలో అమ్మానాన్నలు మా దగ్గరికి వచ్చారు. వచ్చినవాళ్ళని నయాగరాకీ, వాషింగ్టన్‌కీ, స్వేచ్ఛా విగ్రహం దగ్గరికీ తిప్పడం మనందరికీ అలవాటైన తంతే. ఒక శనివారం న్యూజెర్సీ నుంచి పాత్ రైలెక్కి వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గర దిగాం. ఆ ఏడాదే తెరిచిన మ్యూజియం ముందు క్యూ చాంతాడంత ఉంది. నాన్నకి మోకాళ్ళ నొప్పి, అమ్మకి ఎండ. కాసేపు ఎక్కడైనా కూర్చుందామని రోడ్డు దాటితే, చెట్ల నీడలో పాత సమాధుల మధ్య ఒక గుడి కనిపించింది. ఎన్నో ఏళ్ళుగా ఆఫీసుకి వెళుతూ వస్తూ దాని పక్కనుంచే నడిచినవాణ్ణి. ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదు. కాళ్ళు పీకుతున్నాయి కాబట్టి ఆ రోజు వెళ్ళాం. "చెప్పులు విప్పాలా?" అని అమ్మ అడిగింది. అక్కర్లేదన్నాను. అయినా గుమ్మం దగ్గర ఒక్క క్షణం తటపటాయించింది.

నాన్న ప్రభుత్వంలో ఓవర్‌సీరుగా పనిచేసి రిటైరైనవాడు. నెల్లూరు జిల్లాలో కాలవలు, తూములు, కట్టలు చూసుకుంటూ ముప్ఫై ఏళ్ళు గడిపాడు. ఏ కట్టడం చూసినా ముందు గోడ మీద అరచెయ్యి పెడతాడు. ఇక్కడా పెట్టాడు. కాసేపు అలాగే నిలబడి, "ఎప్పటిదిరా ఇది?" అన్నాడు. గోడ మీది పలక చూసి 1766 అని చెప్పాను. నాన్న తలెత్తి చుట్టూ ఉన్న ఆకాశహర్మ్యాల వైపు చూశాడు. "ఇంత విలువైన స్థలంలో దీన్నెందుకు కూల్చలేదు వీళ్ళు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. అంతకంటే ఇబ్బంది ఏమిటంటే, ఆ ప్రశ్న నాన్న ఎందుకు అడిగాడో నాకు తెలుసు. ఆ సంగతి తరవాత చెబుతాను. ముందు ఈ గుడి కథ చెప్పనివ్వండి. న్యూయార్క్ ప్రాంతంలో ఉండే తెలుగువాళ్ళలో చాలామంది దీని పక్కనుంచి వందలసార్లు నడిచి ఉంటారు.

దీని పేరు సెయింట్ పాల్స్ చాపెల్. మన్‌హాటన్‌లో ఇప్పటికీ నిలిచి ఉన్న చర్చి కట్టడాల్లో ఇదే అన్నిటికంటే పాతది. నాలుగైదు వీధుల దిగువన, వాల్ స్ట్రీట్ మొదట్లో, ట్రినిటీ చర్చి ఉంది కదా, దానికి ఇది ఉపశాఖ. ఊరు ఉత్తరానికి పెరుగుతోంది, అంత దూరం నుంచి ట్రినిటీకి నడిచి రావడం కష్టమని, ఊరి చివర పొలాల పక్కన దీన్ని కట్టారు. ఇప్పుడు మనం 'డౌన్‌టౌన్' అనేది అప్పట్లో ఊరి బయట అన్నమాట. 1764లో మొదలుపెట్టి 1766 అక్టోబరు 30న తెరిచారు. కట్టించింది థామస్ మెక్‌బీన్ అని ఆనవాయితీగా చెబుతారు.

దీన్ని జార్జియన్ శైలి అంటారు. ఈ మాట వినగానే మా అబ్బాయి "అట్లాంటానా?" అన్నాడు. కాదు. ఇంగ్లండుని 1714 నుంచి 1830 దాకా వరసగా నలుగురు జార్జి రాజులు ఏలారు. ఆ కాలపు కట్టడాలన్నిటికీ ఆ పేరు నిలిచిపోయింది. జార్జియా రాష్ట్రానికి పేరు వచ్చింది కూడా వాళ్ళలో రెండో జార్జి వల్లే కాబట్టి మావాడిది పూర్తిగా తప్పు కూడా కాదు.

మనకి చర్చి అనగానే మెదక్ గుర్తొస్తుంది. ఆకాశంలోకి పొడుచుకుపోయే గోపురం, సూదిమొన కమానులు, రంగురంగుల గాజు కిటికీలు. మెదక్ చర్చి 1924లో తెరుచుకుంది, అది గోథిక్ పద్ధతి. జార్జియన్ చర్చి దానికి పూర్తిగా భిన్నం. లోపల అంతా వెలుతురు. కిటికీలు పెద్దవి, అద్దాలు ఎక్కువగా రంగులేనివి. గోడలకి లేత రంగులు. రెండు పక్కలా సన్నని స్తంభాల మీద మేడలు. పైన గుండ్రంగా వంగిన కమాను కప్పు. కుడిపక్క ఏముంటే ఎడమపక్కా అదే. మొదటిసారి చూస్తే గుళ్ళోకి కాక ఏ జమీందారు గారి దర్బారు హాల్లోకో వచ్చినట్టుంటుంది.

దానికి కారణం ఉంది. ఇంగ్లండులో ప్రొటెస్టెంటు మతం స్థిరపడ్డాక గుడికి వచ్చేవాడి పని మారిపోయింది. అంతకుముందు దూరంగా జరిగే పూజ చూసి దండం పెట్టుకుంటే సరిపోయేది. ఇప్పుడు ప్రసంగం వినాలి, చేతిలో ప్రార్థన పుస్తకం చదవాలి. వినడానికి దగ్గరగా కూర్చోవాలి, అందుకు మేడలు. చదవడానికి వెలుతురు కావాలి, అందుకు తెల్లటి అద్దాలు. 1666లో లండన్ తగలబడ్డాక అక్కడి చర్చిలు తిరిగి కట్టిన క్రిస్టఫర్ రెన్ ఈ సూత్రాన్నే పట్టుకున్నాడు: లోపల ఉన్న ప్రతివాడికీ కనిపించాలి, వినిపించాలి. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే వాడేవాడి అవసరం మారింది, దాంతో డిజైను మారింది. స్తంభాలు, త్రికోణపు నుదురు వంటి అలంకారాలు గ్రీకు, రోము కట్టడాల నుంచి ఇటలీ మీదుగా వచ్చాయి.

రెన్ తరవాతి తరంలో జేమ్స్ గిబ్స్ అనే ఆయన లండన్‌లో సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్ అనే చర్చి కట్టాడు. 1726లో అది పూర్తయింది. ముందు గ్రీకు గుడిలాంటి ముఖమంటపం, దాని వెనకనుంచి లేచే గంట గోపురం. ఈ రెండిటినీ అలా కలపడం చూసి మొదట్లో నవ్వినవాళ్ళున్నారు. కానీ గిబ్స్ తెలివైన పని ఒకటి చేశాడు. 1728లో తన నమూనాలన్నీ బొమ్మలతో అచ్చువేసి పుస్తకంగా అమ్మాడు. అంతే, సముద్రాలు దాటిన ప్రతి ఇంగ్లీషువాడి పెట్టెలోనూ ఆ పుస్తకమో, దాని నకలో చేరింది. గిబ్స్ ముఖం చూడని మేస్త్రీలు, వడ్రంగులు ఆ బొమ్మల్ని పట్టుకుని అమెరికా తూర్పు తీరమంతా చర్చిలు కట్టేశారు. మన సెయింట్ పాల్స్‌కి మూలం కూడా ఆ లండన్ చర్చే.

ఈ సంగతి చదువుతుంటే నాకు ఇంకోటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు కంటి డాక్టరు కోసం నాన్న నన్ను మద్రాసు తీసుకెళ్ళేవాడు. నెల్లూరు వాళ్ళకి పెద్ద ఊరంటే మద్రాసే కదా. ఎగ్మూరులో రోడ్డు మీదకి కనిపించే తెల్లటి చర్చి ఒకటుంది, పేరు సెయింట్ ఆండ్రూస్. దాన్ని 'కర్క్' అంటారు. ముందు అదే ముఖమంటపం, వెనక అదే గోపురం. వెతికితే తెలిసింది, అదీ గిబ్స్ చర్చి మనవరాలే! ఈస్టిండియా కంపెనీ ఇంజనీరు థామస్ డి హావిలాండ్ దాన్ని 1821కి పూర్తిచేశాడు. అంటే న్యూయార్కులో బ్రాడ్‌వే మీదా, మద్రాసులో ఎగ్మూరులోనూ ఉన్నవి అక్కాచెల్లెళ్ళు. అయితే మద్రాసు చెల్లెలు అచ్చం అక్కలాగా పెరగలేదు. అక్కడ నేల బురద. కాబట్టి పునాదికి బావులు దించి, వాటి మీద కట్టారు. ఇది మన దేశపు పనివాళ్ళకి ఎప్పటినుంచో తెలిసిన పద్ధతి. లోపలి గది గుండ్రంగా ఉంటుంది, పైన నీలం రంగు గుమ్మటం, దాని మీద బంగారు చుక్కలు. గోడలకి మద్రాసు సున్నం, పాలరాయిలా మెరిసేట్టు నున్నగా రుద్దినది.

హైదరాబాదు వాళ్ళు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఒకప్పుడు కోఠీ మహిళా కళాశాల నడిచిన రెసిడెన్సీ భవనం కూడా ఈ కుటుంబంలోదే. బ్రిటిషు రెసిడెంటు కర్క్‌పాట్రిక్ కాలంలో 1803 ప్రాంతంలో మొదలైంది. అది చర్చి కాదు, కొలువు. కానీ ముందున్న ఆ భారీ స్తంభాలు, త్రికోణపు నుదురు, లోపలి షాండిలియర్లు అన్నీ జార్జియన్ బాణీయే. మా ఆవిడ అక్కడ డిగ్రీ చదివింది. సెయింట్ పాల్స్ లోపలికి మొదటిసారి తీసుకెళితే, ఒక నిమిషం చూసి, "మా కాలేజీ వాసన వస్తోంది" అంది.

ఇక న్యూయార్కు సంగతికి వద్దాం. గోడలకి వాడిన రాయి ఆ దీవిలోదే, మన్‌హాటన్ షిస్టు అంటారు. ఎండ పడితే మిలమిలా మెరుస్తుంది. నాన్న గోడ దగ్గరికి ముఖం పెట్టి, గోటితో గీకి, "అభ్రకంరా!" అన్నాడు. గూడూరు అభ్రకం గనుల పక్కన పుట్టి పెరిగినవాడికి ఒకరు చెప్పాలా? మూలల్లో మాత్రం గోధుమ రంగు ఇసుకరాయి పేర్చారు.

మీరు బ్రాడ్‌వే మీదనుంచి చూస్తే పెద్ద స్తంభాల మంటపం కనిపిస్తుంది, అదే ముందువైపు అనుకుంటారు. నిజానికి అది వీపు. క్రైస్తవ ఆనవాయితీలో వేదిక తూర్పున ఉండాలి. బ్రాడ్‌వే గుడికి తూర్పున ఉంది. కాబట్టి వేదిక బ్రాడ్‌వే వైపుకీ, గోపురం పడమర హడ్సన్ నది వైపుకీ వచ్చాయి. 'నది వైపు' అంటే అప్పట్లో నిజంగా నది వైపే. ఆ రోజుల్లో ఒడ్డు ఇప్పుడు గ్రీనిచ్ స్ట్రీట్ ఉన్న ప్రాంతంలో ఉండేది. ఇప్పటి ట్రేడ్ సెంటర్ స్థలంలో కొంతభాగం తరవాత మట్టి పోసి పూడ్చింది. 2010లో అక్కడ పునాదులు తవ్వుతుంటే 18వ శతాబ్దపు చెక్క ఓడ అడుగుభాగం బయటపడింది. ఆ కలప 1773 ప్రాంతంలో ఫిలడెల్ఫియా వైపు నరికిన చెట్లదని తరవాత తేల్చారు. ఈ చర్చికి గోపురం మొదట్లో లేదు. ముప్ఫై ఏళ్ళ తరవాత 1796లో పూర్తిచేశారు.

కట్టిన పదేళ్ళకే దీనికి చావు తప్పింది. 1776లో స్వాతంత్ర్య యుద్ధం నడుస్తోంది. బ్రిటిషు సైన్యం ఊరిని పట్టుకున్న కొద్దిరోజులకే, సెప్టెంబరు 21న, ఊళ్ళో మంటలు లేచాయి. ఎవరు పెట్టారన్నది ఈనాటికీ తేలలేదు. వందల ఇళ్ళు కాలిపోయాయి. తల్లి చర్చి ట్రినిటీ కూడా కాలిపోయింది. సెయింట్ పాల్స్ మాత్రం మిగిలింది. జనం నది దాకా వరసగా నిలబడి, చేతులు మార్చుకుంటూ బకెట్లతో నీళ్ళు అందించి కప్పు తడుపుతూ కాపాడారట. పల్లెలో వాము అంటుకుంటే మనవాళ్ళు చేసేది అదే కదా.

యుద్ధమయ్యేదాకా బ్రిటిషు అధికారులు ఇక్కడ ప్రార్థనలకి వచ్చేవాళ్ళు. వాళ్ళలో కారన్‌వాలీసు కూడా ఉన్నాడంటారు. ఔను, ఆ కారన్‌వాలీసే! 1781లో యార్క్‌టౌన్‌లో ఓడిపోయి, 1786లో గవర్నర్ జనరల్‌గా మన నెత్తికెక్కి, టిప్పు సుల్తానుని ఓడించి, 1793లో శాశ్వత శిస్తు పెట్టిన మహానుభావుడు. మనం స్కూల్లో సోషల్ పరీక్షకి బట్టీపట్టిన మనిషి ఈ గుమ్మం తొక్కాడంటే నాకు ఎందుకో నవ్వొచ్చింది.

ఆ తరవాత వచ్చినవాడు ఆయన్ని ఓడించినవాడే. 1789 ఏప్రిల్ 30న జార్జి వాషింగ్టన్ వాల్ స్ట్రీట్‌లో మొదటి అధ్యక్షుడిగా ప్రమాణం చేసి, అక్కడినుంచి నేరుగా ప్రార్థనకి ఈ గుడికొచ్చాడు. ట్రినిటీ అప్పటికి ఇంకా తిరిగి కట్టడం పూర్తవలేదు. న్యూయార్కు రాజధానిగా ఉన్న రోజుల్లో ఆయన ఇక్కడికి వచ్చేవాడు. ఆ కాలంలో బెంచీలు మనం సినిమాల్లో చూసేట్టు ఉండేవి కావు. నడుమెత్తు చెక్కగోడ, తలుపు ఉన్న పెట్టెల్లాంటివి. ఒక్కో కుటుంబానికీ ఒక్కోటి. చలికాలంలో గాలి కొట్టకుండా అదొక ఉపాయం, హోదా చూపించుకోవడం ఇంకో ప్రయోజనం. దేవుడి దగ్గర కూడా రిజర్వేషను అన్నమాట. వాషింగ్టన్ కూర్చున్న చోట గోడ మీద అమెరికా రాజముద్ర బొమ్మ ఉంది. 1785లో గీయించినది. ఆ ముద్రకి వేసిన తొలి వర్ణచిత్రాల్లో అదొకటి.

వేదిక మీద బంగారు కిరణాలతో, మబ్బులతో, మెరుపులతో ఒక చెక్కడం ఉంది. మోషేకి ఆజ్ఞలు దొరికిన సీనాయి కొండ ఘట్టం అది. నడుమ త్రికోణంలో దేవుడి పేరు హీబ్రూ అక్షరాల్లో. చెక్కించింది పియెర్ లాన్‌ఫాన్. తరవాత 1791లో వాషింగ్టన్ నగరానికి ప్లాను గీసిన ఫ్రెంచి ఇంజనీరు ఇతనే. దీని వెనక ఒక తమాషా ఉంది. 1775 చివరి రోజున క్విబెక్ దగ్గర చనిపోయిన జనరల్ మాంట్‌గమరీకి కాంగ్రెసు ఒక స్మారకం చేయించింది. అది బ్రాడ్‌వే మంటపం కింద, సరిగ్గా తూర్పు కిటికీ బయట పెట్టారు. లోపల కూర్చున్నవాళ్ళకి కిటికీలోంచి దాని వెనక భాగం వికారంగా కనిపించేది. అది కనబడకుండా అడ్డం పెట్టడానికే లాన్‌ఫాన్ చెక్కడం చేయించారంటారు. చెడిపోయిన కోడు మీద అందమైన ఇంటర్‌ఫేసు పెట్టడం మేము కనిపెట్టిన విద్య కాదని తెలిసి కొంచెం ఊరట కలిగింది.

ఎత్తైన ప్రసంగ వేదిక పైకప్పు మీద ఒక చిన్న కిరీటం, ఆరు ఈకలు ఉన్నాయి. అవి ఇంగ్లండు యువరాజు చిహ్నాలు. స్వాతంత్ర్యం వచ్చాక ఊళ్ళో రాజచిహ్నాలన్నీ పీకేస్తే ఇదొక్కటి మాత్రం మొదటి చోటనే మిగిలిందని చెబుతారు. పైనుంచి వేలాడే 14 గాజు షాండిలియర్లు 1802 నాటివి. ఒకప్పుడు కొవ్వొత్తులతో, ఇప్పుడు కరెంటుతో వెలుగుతాయి.

ఇంతవరకు చెప్పినదంతా గొప్పలే. కానీ ఇంకో సంగతి చెప్పకుండా దాటిపోతే బాగుండదు. ఊరి స్మశానం తమ అధీనంలోకి రాగానే, 1697లో, ట్రినిటీ చర్చి పెద్దలు నల్లవాళ్ళని అందులో పాతిపెట్టకూడదని తీర్మానం చేశారు. బానిసలుగా తెచ్చినవాళ్ళూ, విడుదలైనవాళ్ళూ తమ చనిపోయినవాళ్ళని ఊరి బయట పాతుకున్నారు. తరవాత ఆ చోటు మట్టి కింద, భవనాల కింద మాయమైపోయింది. 1991లో ప్రభుత్వ భవనం కోసం తవ్వుతుంటే 400కి పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. 2003లో వాటిని మళ్ళీ గౌరవంగా పాతిపెట్టారు, 2006లో ఆ చోటు జాతీయ స్మారకమైంది. సెయింట్ పాల్స్ నుంచి బ్రాడ్‌వే మీద ఉత్తరానికి ఏడెనిమిది నిమిషాల నడక. ఊరి బయట వేరే వల్లకాడు అంటే ఏమిటో మన పల్లెల్లో పెరిగినవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. గుడి చూసినవాళ్ళు అదీ చూడాలి.

ఇక 2001 సెప్టెంబరు 11. అప్పుడు నేను ఇక్కడ లేను, ఊళ్ళో టీవీలో చూశాను. చర్చి వెనక వీధి దాటితే ట్రేడ్ సెంటరే. అంత పెద్ద గోపురాలు కూలిన చోట, సమాధుల నిండా కాగితాలు, బూడిద పేరుకున్నాయి గానీ గుడి నిలబడింది. ఒక్క కిటికీ అద్దం కూడా పగల్లేదంటారు. వాయవ్య మూల ఉన్న పెద్ద సికమోర్ చెట్టు శకలాల దెబ్బకి కూలింది. అదే గుడికి అడ్డుపడిందని జనం నమ్మకం. శిల్పి స్టీవ్ టోబిన్ ఆ చెట్టు మొదలు, వేళ్ళు నమూనాగా 2005లో కంచుతో పెద్ద శిల్పం చేశాడు. 2014లో మేము దాన్ని ట్రినిటీ ఆవరణలో చూశాం. 2015లో దాన్ని అక్కడినుంచి తరలించారు, దాని మీద పెద్ద గొడవే జరిగింది.

ఆ తరవాత ఎనిమిది నెలలకి పైగా ఈ గుడి రాత్రింబవళ్ళు తెరిచే ఉంది. శిథిలాలు తీసే అగ్నిమాపక సిబ్బంది, పోలీసులు, కూలీలు ఇక్కడ తిన్నారు, బెంచీల మీద నిద్రపోయారు. వేడి శిథిలాల మీద నడిచి పుళ్ళు పడ్డ పాదాలకి డాక్టర్లు కట్లు కట్టారు. కట్టిన చోటు ఏది? వాషింగ్టన్ కూర్చున్న పెట్టె! ఆ మనుషుల బూట్లు, నడుములకి వేలాడే పనిముట్లు తగిలి బెంచీల రంగు లేచిపోయి గీతలు పడ్డాయి. చాలాకాలం ఆ గీతలకి రంగు వెయ్యకుండా అలాగే ఉంచారు. తరవాత చాలా బెంచీలు తీసి కుర్చీలు వేశారు. 2002లో లండన్ నగరం ఒక గంట బహూకరించింది. ఫిలడెల్ఫియా లిబర్టీ బెల్‌ని మొదట పోతపోసిన వైట్‌చాపెల్ కార్ఖానాలోనే దాన్నీ పోశారు. ప్రతి ఏటా ఆ రోజున దాన్ని మోగిస్తారు.

అమ్మ ఆ ఫోటోలు చూస్తూ చాలాసేపు నిలబడింది. "కాళ్ళు కడిగారన్నమాట" అంది.

సరే, నాన్న ప్రశ్న. ఎందుకు కూల్చలేదు? ఇంటికొచ్చాక వారాల తరబడి చదివాను. తేలిందేమిటంటే, వీళ్ళూ కూలుస్తారు. ట్రినిటీ రెండో కట్టడం 1790లో లేచింది. మంచు బరువుకి దెబ్బతింటే అర్ధశతాబ్దం నిండకుండానే పడగొట్టారు. ఇప్పుడు కనిపించేది మూడోది, 1846 నాటిది. అప్పటికి జార్జియన్ పాతబడి గోథిక్ ఫ్యాషనయింది. అదే ట్రినిటీకి సెయింట్ జాన్స్ అని ఇంకో అందమైన చాపెల్ ఉండేది. 1807లో వేరిక్ స్ట్రీట్ మీద పూర్తయింది. చుట్టుపక్కల పేటలో కలవారు వెళ్ళిపోయి గోదాములు వచ్చాయి, వచ్చే జనం తగ్గారు, నడపడం దండగన్నారు. కాపాడమని ఎంతమంది అడిగినా వినలేదు. 1918లో నేలమట్టం చేశారు. సెయింట్ పాల్స్ మిగలడంలో బకెట్ల పుణ్యం ఉంది, చెట్టు పుణ్యం ఉంది. 1705లో ఆన్ రాణి ట్రినిటీకి రాసిచ్చిన భూముల మీద వచ్చే ఆదాయమూ ఉంది, డబ్బుకి లోటు లేని సంస్థ కాబట్టి స్థలం అమ్ముకోవలసిన గతి పట్టలేదు. ఆ తరవాతే చట్టం వచ్చింది. 1963లో పెన్సిల్వేనియా స్టేషన్ లాంటి మహా కట్టడాన్ని పడగొట్టడం మొదలయ్యాక ఊరు ఉలిక్కిపడింది, 1965లో చారిత్రక కట్టడాల చట్టం చేసుకుంది. చేతులు కాలాకే ఇక్కడా ఆకులు పట్టుకున్నారు.

ఇప్పుడు నా సంగతి. 2009లో మా ఊరి రామాలయం కమిటీవాళ్ళు ఫోన్ చేశారు. గుడి పాతబడింది, మంటపం తీసేసి కొత్తగా కడుతున్నాం, అమెరికాలో ఉన్నవాళ్ళు తలా ఒక చెయ్యి వెయ్యాలన్నారు. నేను 1,116 డాలర్లు పంపాను. మరో నలుగురి చేత పంపించాను కూడా. రాతి పలక మీద మా పేర్లు చెక్కిస్తామన్నారు, చెక్కించారు. సున్నపు పూతల మంటపం, దాని మీది బొమ్మలు, చిన్నప్పుడు మేము దాగుడుమూతలాడిన చెక్క స్తంభాలు రెండు రోజుల్లో పోయాయి. వాటి చోట సిమెంటు కప్పు, గ్రానైటు, మెరిసే రంగులు వచ్చాయి. నాన్న నాతో ఏమీ అనలేదు. కూల్చిన రోజున వెళ్ళి పిడికెడంత పూత ముక్క ఒకటి తెచ్చి బీరువాలో పెట్టుకున్నాడని అమ్మ చెప్పింది. బ్రాడ్‌వే మీద గోడకి చెయ్యానించి ఆయన అడిగిన ప్రశ్న నన్నుద్దేశించి కాదు, కానీ నాకే తగిలింది.

మంటపం నిజంగా బాగుచెయ్యలేనంత చెడిందా అని తరవాత నాన్ననడిగాను. కాదన్నాడు. పదేళ్ళ కిందట ఎవరో పగుళ్ళు పూడ్చడానికి పాత సున్నం మీద సిమెంటు రాశారట, జబ్బు అక్కడ మొదలైందట. నేను కంప్యూటర్ల ఇంజనీర్ని, సివిల్ సంగతులు నాకు తెలియవు కాబట్టి ఆయనే విడమరిచాడు. సున్నపురాయిని కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. మిగిలినదానికి నీళ్ళు పోసి, ఇసుక కలిపి, గానుగలో రోజుల తరబడి నూరితే డంగు సున్నం. గోడకి పెట్టాక అది గాలిలోంచి ఆ వాయువునే మెల్లగా తిరిగి పీల్చుకుని మళ్ళీ రాయవుతుంది. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపితే ఇంకా గట్టిపడుతుంది. అయితే ఎంత గట్టిపడినా అది కొంచెం మెత్తదే, గోడలోని తేమని బయటికి పోనిస్తుంది. గోడ కాస్త కదిలితే తనూ కదులుతుంది. సిమెంటు అలా కాదు, బిగుసుకుపోతుంది. పాత ఇటుక మీద సిమెంటు పూస్తే లోపలి తేమకి దారి లేక ఇటుకే పొడైపోతుంది. బయటికి మాత్రం కొత్తగా, గట్టిగా కనిపిస్తుంది. "జ్వరమొచ్చినవాడికి రెయిన్‌కోటు తొడిగినట్టు" అన్నాడు నాన్న.

పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంటు వచ్చిందే 1824లో. కాబట్టి బ్రాడ్‌వే చర్చి, ఎగ్మూరు చర్చి, కోఠీ రెసిడెన్సీ, మా ఊరి మంటపం, అన్నిటినీ పట్టి నిలిపింది సున్నమే. సెయింట్ పాల్స్‌కి 2016లో 250 ఏళ్ళు నిండే సమయానికి పెద్ద ఎత్తున మరమ్మతులు చేశారు. కోఠీ భవనం శిథిలమైపోతుంటే దానికీ ఏళ్ళ తరబడి పని జరిగింది. ఖర్చు తక్కువేం కాదు. ఓపిక అంతకన్నా ఎక్కువ కావాలి. పాత గోడని బాగుచేసిన దాత పేరు చెక్కడానికి కొత్త పలక ఎక్కడ పెడతారు? చిక్కంతా అక్కడే ఉందని నా అనుమానం.

పోయిన సంక్రాంతికి కమిటీ మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి కోనేరు. చుట్టుగోడ ఇటుకలు ఊడుతున్నాయి, మెట్లతో సహా సిమెంటు చేయిద్దామన్నారు. డబ్బిస్తాను గానీ గోడ సున్నంతోనే చెయ్యాలన్నాను. అవతల కాసేపు మౌనం. "ఇప్పుడు ఆ పని చేసేవాళ్ళెవరున్నారు బాబూ?" అన్నారు. అది సాకు కాదు, నిజమే. నాన్నకిప్పుడు ఎనభై దాటాయి. ఆ మాట ఆయన చెవిన వేసి ఊరుకున్నాను. నెల తిరక్కుండా ఆయన తన పాత డైరీలు తిరగేసి, పది మైళ్ళ అవతల ఒక మేస్త్రీని పట్టుకున్నాడు. ఆ మేస్త్రీ తండ్రి కాలవ తూములకి గానుగ సున్నం పని చేసినవాడట. ఇతను చిన్నప్పుడు చూశాడు, చెయ్యి పూర్తిగా తిరగలేదు, ప్రయత్నిస్తానన్నాడు. గానుగ రాయి కూడా దొరికింది. బస్టాపు పక్కన జనం అరుగులా వాడుకుంటున్నారట. తిప్పడానికి ఎద్దులే లేవు, ట్రాక్టరు కట్టి చూద్దామంటున్నారు. ముందు పడమటి గోడ పది గజాలు చేసి, ఒక వానాకాలం చూసి, ఆ తరవాత మిగతాది. దానికెంతవుతుందో లెక్క వేసి పంపిస్తానన్నాడు నాన్న.